విష్ణుపురం సిమెంటు సైడింగుకు ఒక అమెరికన్ కిట్: ఎన్ స్కేల్ సమీక్ష

బీబీనగర్–నడికుడి రైలు మార్గాన్ని బల్ల మీద పట్టేంత చిన్న లేఅవుట్‌గా (నమూనా రైలు ఏర్పాటుగా) మలచాలనుకునేవారికి అన్నిటికన్నా కష్టంగా దొరికేవి పరిశ్రమల భవనాలు. మన సిమెంటు ఫ్యాక్టరీల ఆకారంలో తయారైన కిట్ ఏదీ నా కంట పడలేదు. అందుకే అమెరికాలోని మిల్వాకీలో 1932లో మొదలైన వాల్తర్స్ సంస్థ కార్నర్‌స్టోన్ శ్రేణిలో అమ్మే ఎన్ స్కేల్ (అసలు కొలతలో 160వ వంతు) కాంక్రీటు ధాన్యపు ఎలివేటర్‌ను, అంటే ధాన్యం నిల్వచేసే ఎత్తైన గుండ్రటి సైలోల కట్టడాన్ని, ఆ మార్గంలోని విష్ణుపురం సిమెంటు సైడింగు (సరుకు ఎక్కించి దించే పక్క పట్టాల) కోసం ఎంచుకున్నాను.

దీన్ని ధాన్యానికే వాడితే మన ప్రాంతానికి నప్పదు. మిర్యాలగూడ రైస్ మిల్లులంటే పొడవాటి రేకుల షెడ్లు, బాయిలర్ గొట్టం, ఊక కుప్పలు. పైగా మిల్లు బియ్యం లారీల మీద గోదాములకు వెళ్లి, ఆ తర్వాతే గూడ్స్ షెడ్డులో వ్యాగన్లకు ఎక్కుతుంది కనుక, మిల్లు పక్కన సైడింగు వేయడం అంత సహజంగా ఉండదు. అదే గుండ్రటి సైలోల వరుసను సిమెంటు నిల్వగా చూపితే మాత్రం చక్కగా కుదురుతుంది. సిమెంటు ఫ్యాక్టరీకి బొగ్గు, జిప్సం లోపలికి వస్తాయి, క్లింకర్ (పొడి చేస్తే సిమెంటయ్యే, బట్టీలో కాల్చిన గడ్డలు), సిమెంటు బస్తాలు బయటికి పోతాయి. ఒకే సైడింగులో నిండు వ్యాగన్లూ ఖాళీ వ్యాగన్లూ రెండు దిశల్లో మారుతుండడం వల్ల చిన్న లేఅవుట్‌కు ఇంతకన్నా మంచి పరిశ్రమ లేదని నా నమ్మకం.

కొనేముందు కొలతలు చూసుకోవాలి. 1:160 స్కేల్‌లో బొగ్గు మోసే, పైకప్పు లేని 10.7 మీటర్ల బాక్స్‌ఎన్ వ్యాగన్ దాదాపు 6.7 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి, అయిదు వ్యాగన్ల సైడింగు 34 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. కానీ ముడిపొడిని బట్టీలోకి పంపేముందు వేడిచేసే 100 మీటర్ల ప్రీహీటర్ టవర్‌ను లెక్క ప్రకారం కడితే 62.5 సెంటీమీటర్లు పైకి లేచి లేఅవుట్ మొత్తాన్ని మింగేస్తుంది. సగం ఎత్తుకు కుదించినా చూసేవారి కంటికి అది టవర్‌గానే ఆనుతుంది. ఆ టవర్ ఈ కిట్‌లో లేదు, ప్లాస్టిక్ షీటుతో విడిగా చేసుకోవాలి. సైలోలను నిలువునా సగానికి కోసి వెనుక గోడకు ఆనించి నిలబెడితే పట్టాలకు చోటు మిగులుతుంది. చిన్న బల్లలకు నేను గట్టిగా సూచించేది ఇదే.

రంగు మీద కాస్త ఎక్కువ శ్రద్ధ అవసరం. ప్లాస్టిక్‌ను దాని సహజమైన బూడిద రంగులోనే వదిలేస్తే బొమ్మలా కనిపిస్తుంది. సిమెంటు దుమ్ము వానకు తడిసి రేకుల అంచుల్లో, మెట్ల మీద గట్టిపడి తెల్లటి పొరలా నిలుస్తుంది. మెరుపులేని రంగు వేశాక సుద్దపొడిని మెత్తటి కుంచెతో ఆ చోట్లలోనే అద్దితే అసలు ఫ్యాక్టరీ రూపం వస్తుంది.

ఖరీదు విషయానికి వస్తే, మన దేశంలో ఆటవస్తువుల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. స్కేల్ మోడళ్లు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి కనుక, ఆర్డరు పెట్టే రోజున అమల్లో ఉన్న సుంకాన్నీ రవాణా ఖర్చునూ కలిపి లెక్క వేసుకోవాలి. సైలోలు కావలసినవారికి ఆ ఖర్చు తగినదే. కేవలం రేకుల షెడ్లూ గోదాములూ కావలసినవారు మందపాటి అట్ట, ముడతల షీటు కొనుక్కుంటే చాలు. బస్తాలు ఎక్కించే ప్లాట్‌ఫాం ఎలాగూ సొంతంగానే కట్టుకోవాలి. బస్తాలు మోసే, పైకప్పున్న బీసీఎన్ వ్యాగన్ తలుపులు పక్కవైపు తెరుచుకుంటాయి కాబట్టి ప్లాట్‌ఫాంను పట్టాల పక్కనే, పైకప్పుతో సహా, సైడింగు పొడవునా వేయాలి.