డిజైన్ కాన్ఫరెన్స్ పాస్ కొనేముందు ఇది చదవండి, ముఖ్యంగా స్టూడెంట్స్

హైదరాబాద్‌లో జరిగే ఒక ఇండస్ట్రియల్ డిజైన్ (ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువుల రూపకల్పన) కాన్ఫరెన్స్‌కి ఎర్లీ బర్డ్ పాసులంటూ ఇన్‌స్టాలో, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ పోస్టర్లు తిరుగుతున్నాయి. పోయిన ఎడిషన్‌కి డబ్బు కట్టి వెళ్లినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, కట్టకండి. ఒకవేళ ఇప్పటికే కట్టేసి ఉంటే మీ డిజైన్ మాత్రం వాళ్ల చేతిలో పెట్టకండి, అసలు ప్రమాదం అక్కడుంది. ఫిర్యాదు నడుస్తోంది గనక పేరు రాయడం లేదు. లక్షణాలు చెబుతా, చూస్తే మీకే తెలిసిపోతుంది.

బ్రోచర్ మాత్రం అదిరిపోయింది. 2019 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో వరల్డ్ డిజైన్ అసెంబ్లీ జరిగింది కదా, ఆ సంగతి మొదటి పేజీలోనే వేసి, దానికి కొనసాగింపు తామే అన్నట్టు రాసుకున్నారు. దానికీ వీళ్లకీ ఏ సంబంధమూ లేదు. ప్రొఫెషనల్స్‌కి 8,500, స్టూడెంట్స్‌కి 3,500. అందులో పోర్ట్‌ఫోలియో రివ్యూ, ప్రోటోటైపింగ్ వర్క్‌షాప్, వాహనాలు, గృహోపకరణాల కంపెనీల డిజైన్ హెడ్‌లతో ముఖాముఖి, భోజనం అన్నీ ఉన్నాయన్నారు. భోజనం ఉంది, అది నిజం.

డిజైన్ హెడ్‌లు ఒక్కరూ రాలేదు. ఒకాయన రికార్డు చేసి పంపిన వీడియో వేశారు, దానికి సౌండ్ సగంలో పోయింది. వర్క్‌షాప్‌లో త్రీడీ ప్రింటర్ ఉంది కానీ అందులో వెయ్యాల్సిన ప్లాస్టిక్ తీగ, ఫిలమెంట్, లేదు, ముందే ఎక్కడో ప్రింట్ చేసి తెచ్చిన చిన్న వినాయకుణ్ణి అందరం చేతులు మార్చుకుంటూ చూశాం. ప్లాస్టిక్ మోల్డింగ్‌లో డ్రాఫ్ట్ యాంగిల్ (అచ్చులోంచి వస్తువు సులువుగా ఊడి రావడానికి ఇచ్చే వాలు) ఎంత ఇవ్వాలని ఒకబ్బాయి అడిగితే లంచ్ తర్వాత మాట్లాడదామన్నారు, లంచ్ తర్వాతేమో డిజైన్ ఎంట్రన్స్ కోచింగ్ సంస్థ వాళ్లు స్టేజీ ఎక్కి దిగలేదు. పైగా ఈ కాన్ఫరెన్స్ సర్టిఫికెట్ ఉంటే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అడ్మిషన్లలో వెయిటేజీ ఉంటుందని మైకులోనే చెప్పారు. పచ్చి అబద్ధం. ఎన్‌ఐడీ వాళ్ల డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష గానీ, ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్, సీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షలు గానీ ఇలాంటి సర్టిఫికెట్‌కి ఒక్క మార్కు కూడా ఇవ్వవు.

తెలుగు గడ్డ మీద ఇండస్ట్రియల్ డిజైన్ అంటూ మీటింగ్ పెట్టి, ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఊసు కూడా ఎత్తలేదు. చీరకి వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే (నేతకి ముందు మేకుల చుట్టూ నూలు తిప్పే) అమ్మ భుజం నొప్పి చూడలేక యంత్రం చేసిన మనిషి, 2017లో పద్మశ్రీ వచ్చింది. అరగంట ఆయన పని గురించి చెప్పుకున్నా పిల్లలకి ఏదో ఒకటి దక్కేది. సరే, విషయానికొస్తా.

పోర్ట్‌ఫోలియో రివ్యూ అన్నచోట జ్యూరీ కుర్చీలో ఉన్నాయన రియల్ ఎస్టేట్ బ్రోచర్లు చేసే గ్రాఫిక్ డిజైనర్. ఆయన్ని అనడానికేం లేదు, పాపం, ఎందుకు పిలిచారో ఆయనకీ తెలియదు. ఆ లైన్‌లో నా ముందు కడప నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ఇద్దరు అమ్మాయిలున్నారు. గుంట మగ్గం మీద కూర్చునే నేతన్నల నడుం నొప్పి కోసం ఒక సీటు డిజైన్ చేశారు, ఫోమ్‌తో మోడల్ చేసి తెచ్చారు, బస్సులో ఒక మూల విరిగితే నీలం టేపు చుట్టారు. ఎత్తు మార్చుకోవడానికి పక్కన మూడు గాడులు, నేసేవాళ్లు కాలు తొక్కేటప్పుడు తొడకి ఒరుసుకోకుండా ముందు అంచు వంపు తిప్పారు. బాగా ఆలోచించిన పని అని చూడగానే తెలుస్తుంది. "అన్నా, ఇది యాడ పెట్టుకోవాల?" అని వాలంటీర్‌ని అడిగితే, ఎగ్జిబిట్ టేబుళ్లు స్పాన్సర్లకే అని చెప్పి టీ డ్రమ్ము పక్కనున్న కుర్చీ చూపించాడు. మధ్యాహ్నానికి ఆ మోడల్ మీద జనం తాగేసిన టీ కప్పులు పెట్టారు.

కప్పులు తీసి తుడుచుకోవచ్చు. తుడుచుకోలేనిది ఇంకోటి ఉంది. మన డిజైన్ పోస్టర్ అప్‌లోడ్ చేసే ఫారంలో అడుగున చిన్న అక్షరాల్లో, ఇక్కడ ఇచ్చిన డిజైన్లను నిర్వాహకులూ స్పాన్సర్లూ శాశ్వతంగా, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చని ఉంది. అది చాలదన్నట్టు, అదే సాయంత్రం పిల్లల మోడల్స్ అన్నీ ఫొటోలు తీసి వాళ్ల పేజీలో పెట్టేశారు. 2000 నాటి డిజైన్స్ చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టకముందే డిజైన్ బయటికి ప్రచురితమైతే అది కొత్తది కాదన్న లెక్కలోకి పోతుంది, రిజిస్ట్రేషన్ ఇవ్వరు. ఎగ్జిబిషన్లకి మినహాయింపు ఉంది కానీ అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసినవాటికే, అదీ ముందుగా డిజైన్లు రిజిస్టర్ చేసే అధికారి కంట్రోలర్‌కి నోటీసిచ్చి, ఆరు నెలల్లోపు దరఖాస్తు పెడితేనే. హోటల్ హాల్లో పెట్టిన ఇలాంటివాటికి ఆ నోటిఫికేషన్ ఎక్కడిది? వ్యక్తులకి డిజైన్ దరఖాస్తు ఫీజు 1,000 రూపాయలు, రిజిస్ట్రేషన్ వస్తే ఆ డిజైన్ మీద హక్కు పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. స్టూడెంట్ పాస్ డబ్బులో మూడో వంతు కూడా కాదది. ముందు అది పెట్టి, నంబరు చేతికొచ్చాక ఎక్కడైనా చూపించుకోండి.

డబ్బు సంగతి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఒక వ్యక్తి పేరు వచ్చింది, సంస్థ పేరు కాదు. ఆఫీసులో రీయింబర్స్‌మెంట్ కోసం జీఎస్టీ ఇన్వాయిస్ అడిగితే వర్డ్‌లో టైపు చేసిన రసీదు పంపారు, దాని మీద జీఎస్టీ నంబరులో 14 అక్షరాలే ఉన్నాయి. అసలు నంబరుకి 15 ఉంటాయి, జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరిదో వచ్చేస్తుంది, కట్టేముందే ఇన్వాయిస్ నమూనా అడిగి చూసుకోండి. స్పీకర్ల పేర్లు కనబడితే వాళ్లకే లింక్డిన్‌లో ఒక మెసేజ్ పెట్టండి, మీరు వస్తున్నారా అని. మేం తర్వాత అడిగితే ఒకావిడ తన ఫొటో ఆ పోస్టర్‌లో ఉన్నట్టే తెలియదంది. ఈ రంగంలో నిజమైన కాన్ఫరెన్స్ ఎలా ఉంటుందో చూడాలంటే బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు మొదలుపెట్టిన డిజైన్ రీసెర్చ్ కాన్ఫరెన్స్ ఐకార్డ్ (ICoRD) వెబ్‌సైట్ చూడండి, పేపర్లు ఎవరు రివ్యూ చేస్తారు, ప్రొసీడింగ్స్ (ఆ పేపర్ల సంకలనం) ఎవరు వేస్తారు అన్నీ పేర్లతో సహా ఉంటాయి.

ఇప్పటికే వెళ్లి మోసపోయినవాళ్లు ఊరుకోకండి. 1915కి ఫోన్ చేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి, 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, కడపవాళ్లు హైదరాబాద్ తిరగక్కర్లేదు. బ్రోచర్, పేమెంట్ స్క్రీన్‌షాట్, ఆ ఫారంలోని షరతులు ఇప్పుడే సేవ్ చేసుకోండి, పాత పేజీ అప్పుడే సగం తీసేశారు.

నేను 1915లో ఫిర్యాదు పెట్టాక నిర్వాహకుల నుంచి మెయిల్ వచ్చింది. రిఫండ్ తమ పాలసీలో లేదట, నా అసౌకర్యానికి చింతిస్తూ వచ్చే ఎడిషన్ పాస్ మీద సగం డిస్కౌంట్ కూపన్ జతచేశారు.