టాపింగ్ డీ10ఎస్ డాక్: చెన్నై ఇంట్లో చాలాకాలం వాడాక

పది వేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే డాక్‌లలో (కంప్యూటర్‌లోని డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలలో) టాపింగ్ డీ10ఎస్‌ను నేను ముందు పెట్టేది లోపలి చిప్పును చూసి కాదు, ముఖం మీదున్న చిన్న డిస్‌ప్లేను చూసి. పాట మొదలవగానే 44.1, 96, 192 అంటూ ఆ క్షణాన నిజంగా ఏ శాంపిల్ రేటు (సెకనుకు ఎన్ని వేల శాంపిళ్లు, కిలోహెర్ట్జ్‌లో) అందుతోందో అది చూపిస్తుంది. డబ్బు పెట్టి కొన్న హై-రెజల్యూషన్ ఫైలు కంప్యూటర్ గడప దాటేలోపే 48కి మారిపోతుంటే ఆ సంగతి చెవి పట్టలేకపోవచ్చు. ఆ అంకె పట్టిస్తుంది.

లోపల ఉన్నది ఈఎస్ఎస్ వారి ఈఎస్9038క్యూ2ఎమ్ కన్వర్టర్. యూఎస్‌బీ పని ఎక్స్‌మాస్ చిప్పుది. మామూలు డిజిటల్ ఆడియో రూపమైన పీసీఎమ్ 384 కిలోహెర్ట్జ్ దాకా, ఒక బిట్ శాంపిళ్ల రూపమైన డీఎస్‌డీ 256 దాకా తీసుకుంటుంది. కరెంటూ యూఎస్‌బీ నుంచే, అడాప్టర్ లేదు. వెనక ఆర్‌సీఏ, కోయాక్సియల్, ఆప్టికల్ ఉన్నాయి కాని అవన్నీ అవుట్‌పుట్లే. ఇన్‌పుట్ యూఎస్‌బీ ఒక్కటే. టీవీ ఆప్టికల్ తీగ దీనికి తగిలిద్దామనుకునేవాళ్లు వేరేది చూసుకోవాలి. వాల్యూమ్ నాబ్, హెడ్‌ఫోన్ జాక్ కూడా లేవు.

డ్రైవర్ వేయకపోయినా విండోస్ 10లో 2017 నుంచి ఉన్న సొంత డ్రైవర్‌తో ఇది పలుకుతుంది. అయితే మామూలు దారిలో వెళ్తే అన్ని శబ్దాలూ విండోస్ మిక్సర్‌లో కలిసి, సౌండ్ సెట్టింగుల్లో పెట్టిన ఒకే రేటుకి మారిపోతాయి. ఫూబార్2000 లాంటి ప్లేయర్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ ఎంచుకోవాలి, లేదా కంపెనీ డ్రైవర్ వేసుకుని ఏషియో వాడాలి. రెండూ మిక్సర్‌ను తప్పించి పాటను నేరుగా డాక్‌కు పంపే దారులే. అప్పుడు పాట మారినప్పుడల్లా డిస్‌ప్లేలో అంకె కూడా మారుతుంది. మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్ తెరిచి రేటు చేత్తో మార్చుకోవాల్సి రావచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు అన్నిటినీ 48కి దించుతాయి, యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో యాప్ ఆ అడ్డును దాటేస్తుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోవడానికి నాకు నచ్చింది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే వాల్యూమియో అనే మ్యూజిక్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్. డ్రైవర్ గొడవ లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. పై 4కి మాత్రం 5.1 వోల్ట్, 3 ఆంపియర్ సప్లై తప్పనిసరి. ఫోన్ ఛార్జర్‌తో నడిపితే వోల్టేజీ పడిపోయి పాట మధ్యలో తెగుతుంది.

ఒక జాగ్రత్త. ఏషియో గాని ఎక్స్‌క్లూజివ్ గాని వాడినప్పుడు టాస్క్‌బార్‌లోని వాల్యూమ్ పనిచేయకపోవచ్చు. డాక్ నుంచి సిగ్నల్ పూర్తి స్థాయిలో దూకుతుంది. పవర్డ్ స్పీకర్లకు నేరుగా కలిపేవాళ్లు ముందు స్పీకర్ నాబ్ బాగా తగ్గించి, ఆ తర్వాతే ప్లే నొక్కాలి.

ఆ పూర్తి స్థాయి అంటే సుమారు 2 వోల్టులు. పాత యాంప్లిఫయర్లు చాలావరకు అర వోల్టుకే పూర్తి శక్తితో పలికేలా తయారయ్యాయి. అంటే 12 డెసిబెల్స్ ఎక్కువ. నాబ్ తొమ్మిది గంటల దగ్గరికి వచ్చేసరికే ఇల్లు మోగిపోతుంది, అంతకంటే కింద ఎడమ కుడి సమానంగా ఉండవు, ఎందుకంటే మామూలు వాల్యూమ్ పాట్‌లో (నాబ్ వెనకున్న భాగంలో) ఎడమ కుడి ట్రాకులు రెండూ అడుగున సరిగ్గా కలవవు. ప్లేయర్‌లోనే డిజిటల్ వాల్యూమ్ 12 డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది. 6 డెసిబెల్స్‌కు ఒక బిట్ చొప్పున పోయేది రెండు బిట్లే. డాక్‌కు 24 బిట్లు లేదా 32 బిట్లు వెళ్తున్నప్పుడు 16 బిట్ల సీడీ పాటకు దానివల్ల ఏ నష్టమూ లేదు.

కొన్నవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ వేధించేది గుంయ్‌మనే హమ్. డాక్ పాడైందని తిరిగి పంపేయడం తొందరపాటు. కరెంటు, సిగ్నల్ రెండూ ఒకే యూఎస్‌బీ తీగలో వస్తాయి కాబట్టి కంప్యూటర్ ఎర్త్, యాంప్లిఫయర్ ఎర్త్ డాక్ గుండా కలిసి ఒక లూప్ అవుతుంది, అదే హమ్‌గా వినిపిస్తుంది. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి వినండి. హమ్ ఆగితే దారి ఛార్జర్‌ది. ఆగకపోతే యాంప్లిఫయర్‌కు తగిలించిన సెట్‌టాప్ బాక్స్‌ను కేబుల్‌తో సహా విడదీయండి. వీధి నుంచి వచ్చే కేబుల్ టీవీ తీగ పైపొర తరచూ అసలు దోషి. తర్వాత అన్నిటినీ ఒకే స్పైక్ బోర్డులో పెట్టండి. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్త్ ఉందో లేదో కూడా చూడాలి: సాకెట్లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ పోగొట్టడం ప్రాణాలతో చెలగాటం. ఆ పని ఎవరూ చేయొద్దు.

ఇంతా చేసినా వినిపిస్తుంటే, యూఎస్‌బీ తీగలో ఎర్త్ కలవకుండా విడదీసే ఐసొలేటర్ కొనాలి. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో గాని ఆన్‌లైన్‌లో గాని చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఏడీయూఎమ్4160 లేదా 3160 చిప్పు ఉంటుంది. దాని వేగం సెకనుకు 12 మెగాబిట్లే, హై-రెజల్యూషన్ డాక్‌కు కావలసింది 480. పెట్టగానే డాక్ కంప్యూటర్‌కు కనిపించకుండా పోవచ్చు, కనిపించినా పెద్ద రేట్లు పోతాయి. ఏడీయూఎమ్4165 లాంటి హైస్పీడ్ చిప్పు ఉన్నదే అడగండి, ధర ఎక్కువే. ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న ఏవీ రిసీవర్ ఉంటే డీ10ఎస్ ఆప్టికల్ అవుట్ అందులో పెట్టి చూడండి. వెలుగు దారిలో ఎర్త్ కలవదు కాబట్టి లూప్ తెగుతుంది. అయితే అప్పుడు అనలాగ్‌గా మార్చే పని రిసీవర్ డాక్‌దే అవుతుంది.

కరెంటు పోయినప్పుడే బుర్‌మని మోత వస్తే తప్పు స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్‌ది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్‌కు సైన్‌వేవ్ ఇన్వర్టరే ఉండాలి.

ఇక శబ్దం. ల్యాప్‌టాప్ జాక్‌తో పోలిస్తే తేడా స్పష్టం: మౌస్ కదిలినప్పుడల్లా వచ్చే చిటపటలు లేవు, వెనక బుసలేదు, కచేరీ మొదట్లో తంబుర శ్రుతి ఖాళీలోంచి లేచి వస్తుంది. ఖరీదైన డాక్‌తో పోలిక మాత్రం స్థాయిలు సమం చేయకుండా పెట్టకూడదు. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ కొలవండి. రెండు డాక్‌లకూ రీడింగు ఒక శాతం లోపు కలవాలి. అంతకు మించి పెద్దగా పలికేది ఎవరికైనా మెరుగ్గానే వినిపిస్తుంది. అలా సమం చేశాక రెట్టింపు ధర డాక్‌కూ దీనికీ మధ్య నా చెవికి తేడా నిలవలేదు. ఒకే మాస్టర్ నుంచి వచ్చిన 44.1, 96 ఫైళ్ల మధ్యా నిలవలేదు. పాత మోనో పాటల్లో మెరుగు కనిపిస్తే అది కొత్తగా చేసిన రీమాస్టర్ వల్ల. మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

లోపలి ఆప్-యాంప్ (అవుట్‌పుట్ సిగ్నల్‌ను నడిపే చిప్పు) సాకెట్లో ఉంటుంది, ఎల్ఎమ్ఈ49720. మార్చుకోవచ్చు కాని అక్కర్లేదు. అది ఉన్నవాటిలో మంచిదే, పైగా ఆన్‌లైన్‌లో పేరున్న ఆప్-యాంపులకు నకిలీలు ఎక్కువ. కొన్ని వేగమైన రకాలు ఈ సర్క్యూట్‌లో ఆసిలేట్ అయి, అంటే తమంతట తామే కంపించి, వేడెక్కవచ్చు కూడా.

తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఇంకో పని ఉంటుంది. ఉప్పుగాలికి ఆర్‌సీఏ ప్లగ్గులు మసకబారి, వానాకాలం వచ్చేసరికి ఒక వైపు స్పీకర్ వస్తూ పోతూ ఉంటుంది. యాంప్లిఫయర్ దగ్గర తీగలు అటూ ఇటూ మార్చి వేయండి. తప్పు రెండో వైపుకు మారితే అది డాక్‌ది గాని తీగది గాని. అప్పుడు అన్నీ ఆఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ప్లగ్గునూ జాక్ బయటి అంచునూ తుడవాలి. నడిమి రంధ్రంలో ప్లగ్గును నాలుగైదుసార్లు తిప్పుతూ దూర్చి తీస్తే పేరుకున్న పొర రాలిపోతుంది. అంతా బాగా ఆరాక, యాంప్లిఫయర్ వాల్యూమ్ సున్నాలో పెట్టి, అప్పుడు ఆన్ చేయాలి.