మినీ కూపర్ ఎస్‌కు కొత్త సైలెన్సర్: అంబత్తూరు వర్క్‌షాపులో చేయించిన పనిపై సమీక్ష

చెన్నైలో చిన్న స్పోర్ట్స్ కారు కొన్నవారిలో చాలామంది మొదట మార్చాలనుకునేది సైలెన్సరే. కారు వేగం గురించి ఎవరికీ పెద్దగా ఫిర్యాదు ఉండదు కానీ, ఆ వేగానికి తగిన గొంతు లేదన్న వెలితి మాత్రం కొన్న కొద్ది నెలలకే మొదలవుతుంది. ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. షాపు ముందు బండిని నిలబెట్టి, యాక్సిలరేటర్ తొక్కించి, వెనకాల నిలబడి విని సైలెన్సర్‌ను ఎంచుకోకూడదు. రోజూ నడిపే వేగంలో, అద్దాలు మూసి, లోపల కూర్చుని విన్న తరువాతే ఎంచుకోవాలి. అంబత్తూరు పారిశ్రామిక వాడలోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో నా కారుకు చేయించిన పనిని ఈ దృష్టితోనే సమీక్షిస్తున్నాను.

కారు మినీ కూపర్ ఎస్, మూడు తలుపులది. ఇంజిను బీఎండబ్ల్యూ వారి రెండు లీటర్ల టర్బో పెట్రోలు, నాలుగు సిలిండర్లు, 192 హార్స్‌పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్. బంపర్ మధ్యలో పక్కపక్కనే రెండు పైపుల మూతులు కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చిన ధ్వని చెడ్డదేమీ కాదు. స్పోర్ట్ మోడ్‌లో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చిన్నగా చిటపటలు కూడా వినిపిస్తాయి. అయితే టర్బో ఇంజిన్లన్నిటికీ ఉన్న ఇబ్బందే దీనికీ ఉంది. సిలిండర్ల నుంచి తన్నుకువచ్చే వాయువు ముందుగా టర్బైన్‌ను తిప్పాలి కాబట్టి, ఒక్కొక్క పేలుడుకూ ఉండే పదును అక్కడే చాలావరకు అరిగిపోతుంది. ఆ తరువాత పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, మధ్యలో కొన్ని ధ్వనులను తగ్గించే చిన్న డబ్బా రెసొనేటర్, చివర పెద్ద సైలెన్సర్ డబ్బా మిగిలినదాన్ని అణచివేస్తాయి. టర్బో లేని పాతకాలపు ఇంజిన్ల ధ్వని అంత విడివిడిగా, అంత స్పష్టంగా వినిపించడానికి కారణం వాటి దారిలో టర్బైన్ లేకపోవడమే. కనుక టర్బో కారుకు ఎంత ఖరీదైన పైపు బిగించినా ఆ గొంతు రాదు, ఆ ఆశతో డబ్బు ఖర్చు పెట్టడం వృథా. ఉన్న ధ్వనిలోని లోతును పైకి తేవడం, దానిలోని హోరును అదుపులో ఉంచడం, ఇవి రెండే మన చేతిలో ఉన్నవి.

అన్నాసాలైకి ఆనుకుని ఉన్న జీపీ రోడ్డులో కార్ల సామాన్ల దుకాణాలు వరుసగా ఉన్నాయి. అక్కడ ఎక్కువగా వినబడే సలహా వెనక డబ్బాను కోసి పారేసి, దాని స్థానంలో తిన్నని పైపు వేయమని. అతి చౌక పని, గంటలో అయిపోతుంది, నిలబడి వింటే ఎవరికైనా ఒళ్ళు ఝల్లుమంటుంది. అలా చేయించిన ఇంకొక కారులో కూర్చుని నేను అడయారు నుంచి తిరువాన్మియూరు దాకా వెళ్ళాను. ముందు సీట్లలో ఉన్న ఇద్దరం మాట్లాడుకోవడానికి గొంతు పెంచాల్సి వచ్చింది, దిగిన తరువాత కూడా చెవుల్లో ఆ మోత పోలేదు. ఇక విదేశీ కంపెనీల వస్తువులున్నాయి. ఆస్ట్రియాకు చెందిన రెమస్, స్లొవేనియాకు చెందిన అక్రపోవిచ్, ఇంగ్లండుకు చెందిన మిల్‌టెక్, ఇవన్నీ ఈ రంగంలో పేరున్నవే. మినీ సంస్థ తానే జాన్ కూపర్ వర్క్స్ ప్రో పేరిట, బ్లూటూత్ రిమోట్‌తో తెరుచుకునే వాల్వ్ ఉన్న సైలెన్సర్‌ను విడుదల చేసింది. వాల్వ్ మూసి ఉన్నంతసేపు పెద్దమనిషిలా, తెరిచినప్పుడు పందెపు బండిలా ఉండే ఆ ఏర్పాటు నిజంగా మంచి ఆలోచన. కానీ దిగుమతి సుంకం, రవాణా అన్నీ కలుపుకుంటే ఖర్చు లక్షన్నర దాటుతుంది, పైగా కారును దగ్గర కూర్చుని విని సరిచేసే మనిషి ఆ ధరలో దొరకడు.

అంబత్తూరు వర్క్‌షాపు వైపు మొగ్గడానికి ముఖ్య కారణం అక్కడి ఫోర్‌మన్. నెల్లూరు నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడిన ఆయన, నేను కావలసిన ధ్వని గురించి చెప్పడం మొదలుపెట్టగానే, "సార్, ఇక్కడ నిలబెట్టి రైజ్ చేస్తే ఏ పైపైనా బాగానే ఉంటుందండి. ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద నడపండి, మీరు ఏ గేరులో ఎంతలో పోతారో చూస్తాను" అన్నారు. కంపెనీ ఇచ్చిన పైపుతోనే ఆయనను ఎక్కించుకుని వెళ్ళాను. 80 కిలోమీటర్ల వేగంలో టాప్ గేరులో ఇంజిను 1600 ఆర్‌పీఎం దగ్గర, స్పోర్ట్ మోడ్‌లో గేరుబాక్సు నాలుగో గేరును పట్టుకున్నప్పుడు 2700 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నట్టు ఆయన ఒక కాగితం మీద రాసుకున్నారు. ఈ వ్యాపారంలో గిరాకీ పోతుందేమోనని భయపడకుండా నిజం చెప్పేవారు అరుదు. ఆ ఒక్క పనితోనే నాకు నమ్మకం కుదిరింది.

2700 అన్న ఆ అంకె ఎందుకు ముఖ్యమో చెప్పాలి. నాలుగు సిలిండర్ల ఇంజిను ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు పేలతాయి. నిమిషానికి 2700 సార్లు తిరుగుతుంటే, సెకనుకు 45 సార్లు, అంటే సెకనుకు 90 పేలుళ్ళు, 90 హెర్ట్జ్ ధ్వని. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో ఇంత తక్కువ పౌనఃపున్యం గల ధ్వని లోపలి గాలినంతా కలిపి ఊపుతుంది. మనం వినేది చెవితోనే అయినా ఛాతీలో, సీటులో అది తెలుస్తుంది. నిలకడగా పోతున్నప్పుడు ఆగకుండా వచ్చే ఈ హోరే కొత్త సైలెన్సర్ వేయించుకున్నవారిలో చాలామందిని రెండు నెలల్లో విసిగించి పాత పైపు వైపు తిప్పేది. పూర్తిగా తిన్నగా పోయే పైపు ఈ 90 హెర్ట్జ్‌ను ఏమాత్రం ఆపదు. గ్లాస్ ఊల్ నింపిన సైలెన్సర్ పై స్థాయి ధ్వనులను మింగుతుంది కానీ, ఇంత లోతైన ధ్వని మీద దానికి పట్టు తక్కువ.

దీనికి వర్క్‌షాపు చేసిన పరిష్కారం ఒక మూసిన కొమ్మ పైపు. ప్రధాన పైపుకు పక్కగా ఒక పైపును అతికించి, దాని రెండో చివరను మూసేస్తారు. అందులోకి పోయిన ధ్వని తరంగం మూసిన చివరను తాకి తిరిగి వచ్చి, ప్రధాన పైపులోని తరంగానికి ఎదురుగా నిలిచి దానిని రద్దు చేస్తుంది. ఇది జరగాలంటే కొమ్మ పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉండాలి. వేడి వాయువులో ధ్వని వేగం చల్లని గాలిలో కంటే ఎక్కువ. ఆ కొమ్మలో వాయువు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుందనుకుంటే ధ్వని వేగం సెకనుకు సుమారు 435 మీటర్లు. 90 హెర్ట్జ్‌కు లెక్క వేస్తే కొమ్మ దాదాపు 120 సెంటీమీటర్లు. వేడి కొంచెం మారితే లెక్క కూడా మారుతుంది కాబట్టి, ఫోర్‌మన్ మూత ఉన్న చివరను మొదట వెల్డింగ్ చేయకుండా బిగింపు ముక్కతో ఉంచి, నాతో రోడ్డు మీద నడిపించి, పొడవును కొద్దికొద్దిగా సర్దారు. హోరు తగ్గిన చోట గుర్తు పెట్టి అప్పుడు వెల్డింగ్ చేశారు. ఈ భాగంలో ఆయన చూపిన ఓపికకు నేను చాలా విలువ ఇస్తాను. విదేశీ పెట్టెలో వచ్చే తయారు వస్తువు మన రోడ్డును, మన గేరును ఎరగదు.

మిగిలిన నిర్మాణం గురించి కొంత క్లుప్తంగా చెబుతాను. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్లను ముట్టుకోలేదు, అసలు ముట్టుకోనివ్వకూడదు. దాన్ని తీసేస్తే పొగ పరీక్షలో బండి నిలవదు, చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది, వెనకాల పచ్చి పెట్రోలు వాసన వస్తుంది. మధ్య రెసొనేటర్‌ను కూడా ఉంచి, వెనక డబ్బాను మాత్రమే మార్చారు. పైపు వ్యాసం రెండున్నర అంగుళాలు, అంటే 63.5 మిల్లీమీటర్లు. మూడు అంగుళాలు వేయమని కొందరు సలహా ఇచ్చారు గానీ, మామూలు ట్యూనింగ్‌లో ఉన్న ఈ ఇంజినుకు దాని వల్ల ఒరిగేది లేదు, లోతైన హోరు పెరగడం తప్ప. వంపులు లోపల గుండ్రతనం చెడకుండా మాండ్రెల్ యంత్రంతో తిప్పినవి.

లోహం సంగతి చెన్నైవారు తప్పక పట్టించుకోవలసిన విషయం. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, పైగా నిలబెట్టిన బండి పైపులో నీటి తేమ పేరుకుంటుంది. చౌకగా వేసే 409 రకం స్టీల్‌లో క్రోమియం పదకొండు శాతం దగ్గర ఉంటుంది, అది సముద్రతీరం వెంట పోయే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) గాలికి త్వరగా ఎర్రబడుతుంది. 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం, అది చాలాకాలం నిలుస్తుంది. నా కారుకు 304 వాడారు. వెల్డింగ్ టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, జడవాయువు రక్షణలో చేసే) పద్ధతిలో, పైపు లోపలి వైపు కూడా ఆర్గాన్ వాయువు పంపుతూ చేశారు. అలా చేయకపోతే లోపలి వైపు అతుకు నల్లగా, గరుకుగా మాడిపోతుంది. తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. టార్చి వేసి పైపు లోపలికి చూశాను. అతుకు చుట్టూ లేత గడ్డి రంగు, దాని అంచున సన్నని నీలి చార, మాడిన నలుపు ఎక్కడా లేదు. వెల్డింగ్ పని ఎలా ఉందో తెలుసుకోవాలంటే పైపైన మెరుపును కాదు, ఈ రంగును చూడాలి.

ఇప్పుడు ధ్వని. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పాతదానికంటే కొంచెం గట్టిగా, గరగరగా మొదలై, ఇంజిను వేడెక్కగానే నెమ్మదిస్తుంది. ట్రాఫిక్‌లో టాప్ గేరులో పోతున్నప్పుడు తేడా దాదాపు తెలియదు, పాటలు వినవచ్చు, ఫోన్ మాట్లాడవచ్చు. నాలుగో గేరులో నిలకడగా పోతున్నప్పుడు ఎంత శ్రద్ధగా విన్నా ఆ హోరు లేదు. 3500 ఆర్‌పీఎం దాటాక మాత్రం గొంతు మారుతుంది. లోతు నుంచి లేచి, గుండ్రంగా, కొంత బొంగురుగా 5000 దాకా నిండుతుంది, ఆ పైన పదునుగా వినిపిస్తుంది. కథిపారా ఫ్లైఓవర్ ఎక్కుతూ గేరు తగ్గించినప్పుడు పక్క గోడల నుంచి తిరిగి వచ్చే ఆ ధ్వని, నేను కోరుకున్నదానికంటే మిన్నగా ఉంది. చిటపటలు మునుపటి కంటే స్పష్టంగా వినిపిస్తాయి కానీ, వాటిని పెంచడానికి ట్యూనింగ్‌లో పెట్రోలు ఎక్కించే పని నేను చేయించలేదు. మండని ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండితే అది పాడవుతుంది. శక్తి పెరిగిందా అని అడిగేవారికి, కన్వర్టర్ తరువాతి భాగాన్ని మార్చినందువల్ల చెప్పుకోదగ్గ తేడా నాకు తెలియలేదని చెబుతాను. శక్తి కోసం ఈ ఖర్చు పెట్టకండి.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన గడువు కంటే పని బాగా ఆలస్యమైంది, మధ్యలో ఫోన్ చేస్తే సరైన సమాధానం రాలేదు. మొదటి బిగింపులో కుడివైపు మూతి బంపర్ అంచుకు మరీ దగ్గరగా ఉండి, వేడికి వ్యాకోచించినప్పుడు తగిలి టకటకమంది. పైపును వేలాడదీసే హ్యాంగర్ రబ్బరు మార్చి, మూతిని కొద్దిగా జరిపి సరిచేశారు, డబ్బు అడగలేదు. 304 రకం వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి ఖాళీ ముందే వదలవలసింది. కొమ్మ పైపు నేలకు దగ్గరగా ఉండడం వల్ల సున్నం గీత కూడా లేని స్పీడ్ బ్రేకర్ల దగ్గర జాగ్రత్తగా, ఏటవాలుగా దాటించాలి. వానాకాలంలో వేళచ్చేరి వంటి చోట్ల నిలిచే నీటిలో దించకపోవడమే మంచిది.

చట్టం గురించి దుకాణదారులు చెప్పరు, నేను చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో దీన్నే గట్టిగా చెప్పింది. శబ్ద ప్రమాణాలను మీరితే 190వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద, మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. మన దేశంలో కొత్త కార్లకు, మైకు పక్కగా దాటిపోయేటప్పుడు కొలిచే శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. యూరప్ ఆమోదపు ముద్ర ఉన్న సైలెన్సర్ కూడా ఇక్కడ అనుమతి పత్రం కాదు. కనుక రోడ్డు మీద ఈ మార్పుతో తిరిగే బాధ్యత పూర్తిగా యజమానిదే, బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. ఈ ధ్వనిని గట్టిగా వినాలనుకునేవారికి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ ఉంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్ అన్నది గుర్తుంచుకుని, మా వీధిలో స్పోర్ట్ మోడ్ వాడను.

ఖర్చు విదేశీ సెట్టుకు అయ్యేదానిలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువైంది. మూడు సిలిండర్ల హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, ఒక లీటరు పోలో టీఎస్‌ఐ వంటి కార్లు ఉన్నవారు మాత్రం ఇదే కొలత అడగకూడదు. మూడు సిలిండర్ల ఇంజినులో అదే 2700 దగ్గర పేలుళ్ళు సెకనుకు 67 కంటే కొంచెం ఎక్కువే ఉంటాయి, దానికి కొమ్మ పొడవు 160 సెంటీమీటర్లు దాటుతుంది. చిన్న కారు అడుగున అంత చోటు దొరకడం కష్టం. వెనక డబ్బాను ఉంచేసి, రెసొనేటర్‌ను మాత్రమే మార్చుకోవడం వారికి మేలు. ఏ కారైనా సరే, విప్పిన ఒరిజినల్ సైలెన్సర్‌ను, దాని క్లాంపులతో, హ్యాంగర్ రబ్బర్లతో సహా ఇంటికి తీసుకువచ్చి దాచుకోవాలి. ఎప్పుడైనా తిరిగి బిగించాల్సి వచ్చినా, బండి అమ్మాలనుకున్నా కొనేవారు మొదట అడిగేది దానినే.