మిక్సింగ్‌కు ప్రత్యేక డీఎస్‌పీ పెట్టె కొనాలా? యూఏడీ-2 శాటిలైట్, అపోలోలపై సమీక్ష

ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పాటలు మిక్స్ చేసేవారికి పని పెరిగేకొద్దీ ఒక సందేహం వస్తుంది. ప్లగిన్ల (ధ్వనిని తీర్చిదిద్దే చిన్న సాఫ్ట్‌వేర్‌ల) భారం మోయడానికి సొంత ధ్వని ప్రాసెసర్లున్న (డీఎస్‌పీ) పెట్టెను విడిగా కొనాలా, లేక ఆ డబ్బును మంచి కంప్యూటర్‌కే పెట్టాలా? ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు యూనివర్సల్ ఆడియో. ఆ సంస్థ అమ్మే వాటిలో యూఏడీ-2 శాటిలైట్ కేవలం ప్రాసెసింగ్ పెట్టె, అపోలో అవే ప్రాసెసర్లను లోపల పెట్టుకున్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటర్‌కు కలిపే పరికరం. నా అభిప్రాయం ముందే చెబుతాను. మిక్సింగ్ ఒక్కటే మీ పని అయితే ఈనాడు శాటిలైట్ అవసరం లేదు; గాయకులనూ వాద్యకారులనూ తరచుగా రికార్డు చేసేవారికి మాత్రం అపోలో పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఈ పెట్టెలు ఎందుకు పుట్టాయో తెలిస్తే ఇప్పుడు వాటి విలువ ఎంతో అంచనా వేయడం తేలికవుతుంది. యూనివర్సల్ ఆడియోను బిల్ పుట్నమ్ 1958లో స్థాపించగా, ఆయన కుమారులు 1999లో తిరిగి నిలబెట్టారు. వారి తొలి కార్డు యూఏడీ-1 వచ్చిన 2001 ప్రాంతంలో మామూలు కంప్యూటర్‌కు ఉన్నది ఒక్కటే కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం). నాణ్యమైన రివర్బ్ (గది ప్రతిధ్వనిని తెచ్చే ప్లగిన్) రెండు మూడు చోట్ల వేస్తే యంత్రం ఆగిపోయేది. అందుకని వీడియో పనులకు తయారైన ఒక చిప్‌ను ఆడియో లెక్కలకు వాడుకున్నారు. 2008లో అనలాగ్ డివైసెస్ సంస్థవారి షార్క్ చిప్‌లతో యూఏడీ-2 వచ్చింది. ఒక చిప్ ఉంటే సోలో, రెండుంటే డ్యుయో, నాలుగుంటే క్వాడ్, ఎనిమిదుంటే ఆక్టో. అప్పట్లో ఎల్‌ఏ-2ఏ, 1176, పుల్టెక్, ఫెయిర్‌చైల్డ్ 670 వంటి పాత స్టూడియో యంత్రాల (ధ్వని హెచ్చుతగ్గులను అదుపు చేసే కంప్రెసర్లు, బేస్, ట్రెబుల్ పాళ్లు మార్చే ఈక్వలైజర్ల) స్వభావాన్ని అంత దగ్గరగా పట్టుకున్న ప్లగిన్లు కావాలంటే ఈ దారి తప్ప మరొకటి లేదని చాలామంది నమ్మారు, ఆ నమ్మకానికి కారణం కూడా ఉంది.

ఆ పరిస్థితి రెండు పరిణామాలతో మారింది. 2020 నవంబరులో ఆపిల్ ఎం1 చిప్‌తో కంప్యూటర్లు తెచ్చింది, ఇంటెల్, ఏఎండీల ప్రాసెసర్లలో కూడా కోర్‌ల సంఖ్య బాగా పెరిగింది. 2022లో యూనివర్సల్ ఆడియోనే తన ప్లగిన్లలో కొన్నింటిని ఏ పెట్టే లేకుండా నేరుగా కంప్యూటర్ ప్రాసెసర్ మీద నడిచే రూపంలో విడుదల చేసింది, ఆ తరువాత ఆ జాబితా పెరుగుతూ వచ్చింది. కాబట్టి ఆ ధ్వని కోసమే పెట్టె కొనాలన్న వాదనలో ఇప్పుడు పెద్దగా బలం లేదు.

పెట్టెకున్న పరిమితి వాడుకలో ఎలా ఎదురవుతుందో చూడండి. డప్పు, డోలక్, కంజీర, రెండు మూడు కీబోర్డు పొరలు, ప్రధాన గాత్రం, దాని డబుల్స్, కోరస్ కలిపి నలభై ట్రాక్‌లున్న ఒక జానపద గీతాన్ని తీసుకుందాం. ప్రతి ట్రాక్ మీదా స్టూడర్ ఏ800 టేప్ ప్లగిన్, గాత్రాలపై 1176, వాటి వెనుక ఎల్‌ఏ-2ఏ వేసుకుంటూ పోతే, యూఏడీ మీటర్‌లో డీఎస్‌పీ శాతం మెట్టు మెట్టుగా ఎక్కి, సోలో లేదా డ్యుయో పెట్టెలో సగం పాటకే హద్దును తాకుతుంది. ఒక ప్లగిన్‌ను రెండు చిప్‌లు పంచుకుని నడపలేవు కనుక, అన్ని చిప్‌లలోనూ కొద్దికొద్దిగా ఖాళీ ఉన్నా బరువైన ప్లగిన్ లోడ్ కాకపోవచ్చు. ప్రాజెక్టును 48 కిలోహెర్ట్జ్ నుంచి 96కు మారిస్తే పట్టే ప్లగిన్ల సంఖ్య దాదాపు సగమవుతుంది. కంప్యూటర్‌ను మార్చినప్పుడల్లా దాని శక్తి పెరుగుతుంది గానీ, పెట్టెలోని చిప్‌ల శక్తి కొన్న రోజున ఎంతో పదేళ్ల తరువాతా అంతే.

పెట్టె ఉంటే పాడిన, వాయించిన ధ్వని చెవికి తిరిగి చేరడంలో ఆలస్యం పోతుందన్న అపోహ కూడా ఉంది. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసిన యూఏడీ-2 ప్లగిన్‌కు ధ్వని కంప్యూటర్ నుంచి పెట్టెకు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి ఆలస్యం తగ్గదు సరికదా కొంత పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అన్ని ట్రాక్‌లనూ సరిచేసి ఒక వరుసలోకి తెస్తుంది కనుక మిక్సింగ్‌లో దానివల్ల ఇబ్బంది లేదు. కీబోర్డు మీద వాయిస్తూ సాఫ్ట్‌వేర్ వాద్యాన్ని అదే ప్లగిన్ గుండా వినాలనుకుంటే మాత్రం వేలికీ చెవికీ మధ్య ఎడం తెలుస్తుంది.

అసలు ఆలోచించవలసిన చోటు రికార్డింగ్. 48 కిలోహెర్ట్జ్ వద్ద 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే ధ్వని ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లు, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి లెక్కపెట్టి, ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే కన్వర్టర్ల సమయం, డ్రైవర్ అదనంగా దాచుకునే సమయం కలిపితే అది ఏడెనిమిది మిల్లీసెకన్లు దాటవచ్చు. గిటార్ వాయించేవారు దీనిని పెద్దగా పట్టించుకోకపోవచ్చు గానీ, గాయకుల సంగతి వేరు. గాయని తన గొంతును ఒకపక్క తల లోపలి ఎముకల ద్వారా వెంటనే వింటుంది, మరోపక్క హెడ్‌ఫోన్‌లో కొద్దిగా ఆలస్యంగా వింటుంది. ఈ రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదానినొకటి కొట్టేసుకుని గొంతు డొల్లగా వినిపిస్తుంది. ఆలస్యం జరుగుతోందని ఆమెకు తెలియదు, తన గొంతు ఈ రోజు పలకడం లేదని మాత్రం అనుకుంటుంది. సంగతులు వేయడానికి వెనకాడుతుంది, పై స్థాయిలో శ్రుతి తడుముకుంటుంది. ఇది పాట నాణ్యతకే సంబంధించిన విషయం, మిక్సింగ్‌లో ఎంత శ్రమించినా తిరిగి రానిది.

అపోలో ఇక్కడే తన విలువ చూపిస్తుంది. మైకు నుంచి వచ్చిన ధ్వని కంప్యూటర్ దాకా పోకుండా పెట్టెలోనే కన్సోల్ అనే మిక్సర్ గుండా, కంప్రెసర్‌తో సహా హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. మోసే ప్లగిన్లు తేలికైనవైతే ఈ ప్రయాణమంతా రెండు మూడు మిల్లీసెకన్లకు మించదు, కంప్యూటర్‌లో బఫర్ 1024 ఉన్నా దీనికి సంబంధం లేదు. ఆ కంప్రెషన్‌ను వినడానికి మాత్రమే ఉంచుకోవచ్చు, లేదా రికార్డింగ్‌లోనే కలిపేయవచ్చు. యూనిసన్ అనే ఏర్పాటు ఉన్న ప్రీయాంప్‌లలో (మైకు సిగ్నల్‌ను పెంచే భాగాల్లో) నీవ్ 1073 వంటి పాత ప్రీయాంప్‌ను అనుకరించే ప్లగిన్ వేస్తే, మైకుకు ఎదురయ్యే ఇంపీడెన్స్ (విద్యుత్ నిరోధం) కూడా దానికి తగ్గట్టు మారుతుంది. డైనమిక్ మైకులతో, ముఖ్యంగా రిబ్బన్ మైకులతో, ఆ తేడా చెవికి తెలుస్తుంది. గాయకులు రోజూ వచ్చిపోయే గదికి ఇది నిజమైన సౌకర్యం.

అయినా అందరికీ ఇది తప్పనిసరి అనను. సాధారణ ధరకు దొరికే ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి డైరెక్ట్ మానిటరింగ్ ఉంటుంది. గొంతును దాని ద్వారా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ అసలు ధ్వనిని ఆపేసి, అసలు గొంతు కలవని (పూర్తిగా ‘వెట్’) రివర్బ్ ఒక్కటే వినిపించేలా అమర్చండి. రివర్బ్ పది మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా అది రివర్బ్‌కు ముందు మామూలుగా పెట్టే చిన్న విరామం (ప్రీ-డిలే) లాగా కలిసిపోతుంది, గాయకులకు అసౌకర్యం ఉండదు. హెడ్‌ఫోన్‌లో కంప్రెషన్ లేకపోవడం ఒక్కటే లోటు. అది కూడా కావాలనుకునేవారు యూనివర్సల్ ఆడియోవారిదే వోల్ట్ 176ను చూడవచ్చు. అందులో డీఎస్‌పీ లేదు గానీ, 1176 తరహా అనలాగ్ కంప్రెసర్ ఉంది, ధర అపోలో కంటే చాలా తక్కువ.

కొనేముందు మీ దగ్గరున్న ప్రాజెక్టులలో అన్నిటికంటే బరువైనదాన్ని తెరిచి, బఫర్‌ను 1024 చేసి, మొదటి నుంచి చివరి దాకా ప్లే చేసి, టాస్క్ మేనేజర్‌లోనో యాక్టివిటీ మానిటర్‌లోనో కోర్‌లను విడివిడిగా చూడండి. అన్నీ నిండిపోతే కంప్యూటర్‌ది తప్పు. ఒక్కటే నిండి మిగిలినవి ఖాళీగా ఉంటే, మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాక్‌లూ కలిసే చివరి ట్రాక్) మీద వరుసగా వేసిన ప్లగిన్లన్నీ ఒకే కోర్ మీద పడుతున్నాయన్నమాట. బరువైన ట్రాక్‌లను ఫ్రీజ్ చేయడం (ప్లగిన్ల ఫలితంతో సహా ఆడియో ఫైలుగా మార్చి ఉంచడం), మాస్టర్ ప్లగిన్లను చివరి దశకు వాయిదా వేయడం వంటి పైసా ఖర్చు లేని ఉపాయాలతో ఇది చాలావరకు తీరుతుంది.

పాత శాటిలైట్ తక్కువ ధరకు వస్తోందని ఆశపడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్‌తో కలిపే నమూనాను ముట్టుకోకండి. మాక్ఓఎస్ టాహోతో ఆపిల్ ఫైర్‌వైర్‌కు మద్దతు పూర్తిగా తీసేసింది. ఇలాంటి డీఎస్‌పీ పరికరమే అయిన టీసీ ఎలక్ట్రానిక్ పవర్‌కోర్ వాడినవారికి ఈ బాధ తెలుసు. తయారీ ఆగిపోయి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌లకు డ్రైవర్లు రాకపోయేసరికి దానికోసం కొన్న ప్లగిన్లన్నీ దానితోపాటే మూగబోయాయి. యూఏడీ-2 లైసెన్సులు కూడా పెట్టెకు ముడిపడి ఉంటాయి కనుక, అమ్మే వ్యక్తి ఆ పెట్టెను తన ఖాతా నుంచి మీ ఖాతాకు అధికారికంగా బదిలీ చేయించేవరకు పూర్తి సొమ్ము ఇవ్వకండి. థండర్‌బోల్ట్ నమూనా అయితే మీ కంప్యూటర్‌లో ఉన్నది నిజమైన థండర్‌బోల్ట్ పోర్టేనా అన్నది తయారీదారు పత్రంలో చూసుకోవాలి. ఆకారం యూఎస్‌బీ-సీలాగే ఉంటుంది గనుక కంటితో చూసి నిర్ణయించలేము.

ఇన్ని లెక్కలు వేసుకున్నాక కూడా రికార్డింగ్ కోసం అపోలో కావాలనుకుంటే, ఒకే చిప్ ఉన్న అపోలో సోలో ఒక గొంతుకు ప్రీయాంప్, కంప్రెసర్, ఈక్వలైజర్ వరకు సరిపోతుంది. ఇద్దరు గాయకులు ఒకేసారి పాడే గదికి ట్విన్ ఎక్స్ క్వాడ్ నయం. మిక్సింగ్ భారాన్ని కంప్యూటర్ మీద నడిచే ప్లగిన్లకే వదిలి, పెట్టెలోని చిప్‌లను పూర్తిగా గాయకుల హెడ్‌ఫోన్ కోసం ఉంచుకోండి. శాటిలైట్ కోసం పక్కన పెట్టిన డబ్బు ఉంటే, దాంతో గది మూలలకు మందమైన రాక్‌వూల్ ప్యానెళ్లు చేయించండి.