లడాయికి పోయి రానివాళ్ళను వెతికే వెబ్‌సైట్: మన జిల్లాలవాళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

"జర్మనీ లడాయికి పోయిండు, మళ్ళ రాలే." చాలా ఇళ్ళలో ఇంతకు మించి తెలియదు. అలాంటివాళ్ళు మొదట తెరవాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్. బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున లడాయిల్లో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ ఇది. 1917లో పుట్టింది, భారత్‌తో కలిపి ఆరు ప్రభుత్వాలు సభ్యులు. రెండు ప్రపంచ యుద్ధాల్లో అలా చనిపోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు ఇందులో ఉన్నాయి. వెతకడానికి పైసా ఖర్చు లేదు.

సమస్యల్లా ఫారంతోనే. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో రాసుకునే తెల్లవాళ్ళకు సరిపోయే ఫారం అది. మన సిపాయికి ఎక్కువగా ఒక్క పేరే రికార్డయింది, అదీ సర్‌నేమ్ గడిలోకి పోయింది. ఇంటిపేరు కొడితే ఏమీ రాదు, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇంటిపేరు వదిలేసి నర్సయ్య, మల్లయ్య అని కొట్టినా చిక్కే. ఆనాటి గుమాస్తా ఆ "అయ్య"ను ఐ-ఏ-హెచ్ అని రాశాడో, ఏ-వై-వై-ఏ అని రాశాడో, ఏ-వై-ఏతో సరిపెట్టాడో చెప్పలేం. ఎల్లయ్యనైతే ఈతోనూ రాయొచ్చు, వైతోనూ రాయొచ్చు. అందుకని పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే ఇచ్చి వెతకాలి.

అసలు పేరుతో కాదు, ఊరితో మొదలుపెట్టడమే మేలు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో "అడిషనల్ ఇన్ఫర్మేషన్" అనే గడి ఉంటుంది. రెండో యుద్ధంలో పోయినవాళ్ళలో చాలామందికి తండ్రి పేరు, భార్య పేరు, ఊరు అందులోనే ఉంటాయి. అయితే జిల్లా పేరు నిజాం కాలంనాటిది కొట్టాలి. 2016 తర్వాత వచ్చిన జిల్లాలు అందులో ఎక్కడివి? ములుగు, మహబూబాబాద్‌లే కాదు, ఖమ్మం కూడా అప్పుడు వరంగల్ కిందే. పరకాల కరీంనగర్‌లో ఉండేది, జనగామ నల్గొండలో. లక్సెట్టిపేటలాంటి పేర్లకు రెండు మూడు స్పెల్లింగులు పెట్టి చూడాలి. "హైదరాబాద్" అని ఒక్క మాట కొడితే సింధ్‌లోని హైదరాబాద్ వాళ్ళు కూడా వచ్చి పడతారు.

దేశం అడిగే గడులు రెండుంటాయి, జనం బోల్తా పడేది ఇక్కడే. ఒకటి ఏ దేశపు సైన్యంలో పనిచేశాడనేది, అక్కడ ఇండియా పెట్టాలి. రెండోది స్మారకం ఏ దేశంలో ఉందనేది. అక్కడ కూడా ఇండియా పెట్టారో, సింగపూర్, బర్మా, ఈజిప్టుల్లో పేరున్నవాళ్ళంతా జాబితాలోంచి ఎగిరిపోతారు. ఆ గడి ఖాళీగా వదిలేయండి.

రెజిమెంట్ దగ్గర ఇంకో తికమక. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని కనిపించగానే మనవాళ్ళే అనుకోవద్దు. పేరే హైదరాబాద్, జవాన్లు ఎక్కువగా కుమావోనీలు, అహీర్లు, జాట్లు. 1945లో దానికి కుమావోన్ రెజిమెంట్ అని పేరు మార్చారు. నిజాం సొంత ఫౌజు వేరు: ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. 1941 డిసెంబర్‌లో జపాన్‌వాళ్ళు మలయా (ఇప్పటి మలేసియా)లోని కోట భారులో దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలా ఈ దళానిదే. 19వ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ కూడా అదే మలయాలో పోరాడింది కాబట్టి రెండూ కలిసిపోతుంటాయి. సమాధి లేనివాళ్ళ పేర్లు సింగపూర్ క్రాంజీ స్మారకం మీద వెతకాలి. పయనీర్ కోర్, ఆర్మీ సర్వీస్ కోర్, మద్రాస్ రెజిమెంట్ కూడా చూడండి. వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, స్వీపర్లు కూడా రికార్డుల్లో ఉన్నారు.

మొదటి యుద్ధానికి వస్తే పని కష్టం. ఇరాక్‌లోని బస్రా స్మారకంలో భారత సిపాయిలకు అంకెలే చెక్కారు, పేర్లు చెక్కలేదు. ఆసియా, ఆఫ్రికా సైనికుల విషయంలో వివక్ష జరిగిందని, కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపే దక్కలేదని కమిషన్ వేసుకున్న కమిటీయే 2021లో తేల్చింది. కాబట్టి పేరు దొరకకపోతే మనిషి పోనేలేదని కాదు.

వెతికే ముందు ఇంట్లో పెట్టె దింపండి. మొదటి యుద్ధపు పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమితే అవే ముందు అరిగిపోతాయి, అందుకే తోమకుండా పక్కనుంచి టార్చి వేసి భూతద్దంతో చదవాలి. ఆ నంబరు దొరికితే స్పెల్లింగుల బాధ చాలావరకు తప్పుతుంది.

మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31, రెండోదానికి 1947 డిసెంబర్ 31 వరకు పోయినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నారు. పోలీస్ యాక్షన్‌లో పోయినవాళ్ళు, యుద్ధం నుంచి బతికొచ్చి ఆ తేదీలు దాటాక పోయినవాళ్ళు ఇందులో ఉండరు.

ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు. ఉచితం, రికార్డు నుంచి సర్టిఫికెట్ కూడా దించుకోవచ్చు. తెలుగు లేకపోవడం, ఊళ్ళ స్పెల్లింగులు ఇష్టమొచ్చినట్టు ఉండటం వల్లే మిగతా ఒకటిన్నర కోత. సర్టిఫికెట్ మీద పేరు రికార్డులో ఉన్నట్టే పడుతుంది, తప్పుంటే ప్రింటు తీయించే ముందే సవరణకు రాయండి. పింఛను కాగితమో పతకం అంచు ఫొటోనో జతచేయాలి. "మా తాత చెప్పేటోడు" అంటే నడవదు.