వెవేలో చాప్లిన్ ఇల్లు బాగుంది, మేం దిగిన ఇల్లే బాగాలేదు

స్విట్జర్లాండ్‌లో వెవే వెళ్లాలనుకునేవాళ్లు రూమ్ బుక్ చేసేముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి రెండు సంగతులు తేల్చుకోండి. లోకల్ బస్సుల్లో ఉచితంగా తిరగనిచ్చే రివియేరా కార్డు ఇస్తారా? వంటింట్లో వంట చేసుకోనిస్తారా? రెండోది అడగడానికి కాస్త మొహమాటంగా ఉంటుంది గానీ అడగండి. ఫోటోలో పొయ్యి కనబడినంత మాత్రాన వెలిగించనిస్తారని కాదు.

మేం ఉండేది జర్మనీలో. వేసవికి తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చారు. అందరూ వెళ్లే మంచుకొండలకి మేమూ వెళ్లాం, మబ్బులు చూసి వచ్చాం, అంతకంటే రాయడానికేం లేదు. నాన్న నోరు తెరిచి అడిగిన చోటు మాత్రం ఒక్కటే, చాప్లిన్ ఇల్లు. హైస్కూల్ వార్షికోత్సవంలో ఆయనే చార్లీ చాప్లిన్. కాటుకతో మీసం, బాబాయి కోటు, పందిరి గుంజకి కట్టిన వెదురులోంచి విరిచిన కర్ర. ఆ కథ మా ఇంట్లో వినని అల్లుడు గానీ కోడలు గానీ లేరు. ఇప్పటికీ మన బళ్లలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అంటే ఒక గాంధీ, ఒక అల్లూరి, ఒక చాప్లిన్ ఉండి తీరాల్సిందే కదా.

ముందు బస సంగతి చెప్పేస్తాను, లేకపోతే మనసు కుదుటపడదు. రాత్రికి 172 ఫ్రాంకులు, క్లీనింగ్ 85, టూరిస్ట్ ట్యాక్స్ అని ఇంకో 36. ఫ్రాంకు అంటే వంద రూపాయలకి పైనే, లెక్క మీరే వేసుకోండి. అమ్మయితే ప్రతిదీ వేసింది, పైకే వేసింది. రాత్రి తొమ్మిదింటికి చేరాం. ఆ వేళకి ఊళ్లో దుకాణాలన్నీ కట్టేశారు. బియ్యం, చింతపండు సంచిలో ఉన్నాయి కాబట్టి అమ్మ చారు పెడతానంది. నెయ్యిలో ఎండుమిర్చి తుంచి, ఇంగువ వేసిందో లేదో నెత్తిమీద పొగ అలారం మొదలైంది. అది ఆగదే! నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, మా ఆవిడ కిటికీలు తీస్తుంటే, పక్కింటాయన తలుపు కొట్టాడు. ఆయన మంచివాడు, నవ్వి వెళ్లిపోయాడు. కాసేపటికి ఓనర్ దగ్గర్నుంచి మెసేజ్. 'ఘాటైన వంటలు' నిషేధమట, వాసన పోగొట్టడానికి డిపాజిట్‌లోంచి 50 ఫ్రాంకులు పట్టుకుంటారట. బుకింగ్ పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు, మా ఆవిడ రాత్రి పన్నెండు దాకా వెతికింది. అమ్మ చారు ముట్టుకోలేదు. 'నా పోపు ఐదు వేలు' అని పొద్దున లేచాక కూడా అదే మాట.

ఇక కార్డు. వెవే, మాంత్రే వైపు బస చేసి టూరిస్ట్ ట్యాక్స్ కట్టినవాళ్లకి రివియేరా కార్డు ఇస్తారు. దాంతో లోకల్ బస్సులు ఉచితం, కొన్ని మ్యూజియాల్లో రాయితీ. ఓనర్‌ని అడిగితే 'అది హోటళ్లకే' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సంత జరిగే మైదానం పక్కనున్న టూరిస్ట్ ఆఫీసులో కనుక్కుంటే అక్కడి అమ్మాయి బిల్లు చూసి, 36 ఫ్రాంకుల గీత కింద వేలు పెట్టి, కార్డు మీకు రావాల్సిందేనంది. అయితే ఇవ్వాల్సింది బస ఇచ్చినవాళ్లేనట. పాపం తనే ఫోన్ కూడా చేసింది, అవతల ఎత్తితేగా. చివరికి నలుగురికీ రానూ పోనూ బస్సు టికెట్లకి 29 ఫ్రాంకుల 60. ట్యాక్స్ తీసుకుని కార్డు ఎగ్గొట్టడాన్ని ఏమంటారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

స్టేషన్ దగ్గర 212 నంబరు బస్సెక్కితే చాప్లిన్ అనే స్టాపులోనే దింపుతాడు. కోర్సియే అనే పల్లె, పైన ద్రాక్షతోటలు, కింద సరస్సు. మనువార్ ద బాన్ అనే ఈ బంగళాకి చాప్లిన్ 1953లో వచ్చాడు, తనంతట తాను కోరి వచ్చింది కాదు. 1952 సెప్టెంబరులో లండన్‌లో తన సినిమా విడుదలకని ఓడెక్కాడు. ఓడ సముద్రం మీద ఉండగానే అమెరికా ప్రభుత్వం ఆయన తిరిగి వచ్చే అనుమతి రద్దు చేసింది. కమ్యూనిస్టన్న అనుమానం ఒకటి, వ్యక్తిగత జీవితం మీద నిందలు ఇంకొకటి. మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టింది 1972లో, ఆస్కార్ వాళ్లు గౌరవ పురస్కారానికి పిలిచినప్పుడు. అప్పుడు హాలంతా లేచి నిలబడి పన్నెండు నిమిషాలు చప్పట్లు కొట్టింది. నాన్న దీన్ని బస్సులో గట్టిగానే చెప్పారు, ముందు సీట్లో వాళ్లు తిరిగి చూసేంతగా.

ఇప్పుడు ఆ ఇల్లే మ్యూజియం, 2016 ఏప్రిల్‌లో తెరిచారు. టికెట్లు నలుగురికీ 120 ఫ్రాంకుల దాకా అయ్యాయి. అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి 'మీరు వెళ్లి రండి, నేను బెంచీ మీద కూర్చుంటా' అంది. రమ్మని బతిమాలి తీసుకెళ్లాం. చూడాల్సినవి రెండు, స్టూడియో, బంగళా. స్టూడియోలో ముందు చిన్న థియేటర్లో కూర్చోబెట్టి కాసేపు సినిమా వేస్తారు. అయిపోగానే తెర పైకి లేస్తుంది, దాని వెనక చాప్లిన్ సినిమా వీధి, దీపస్తంభంతో సహా! లేచి అందులోకి నడిచిపోవడమే. నాన్న లేవలేదు, చప్పట్లు కొడుతున్నారు. మ్యూజియంలో చప్పట్లేమిటని నేను ఇబ్బందిపడేలోపు వెనక వరసలో ఇంకెవరో అందుకున్నారు.

మోడరన్ టైమ్స్‌లోని పళ్లచక్రాలు, గ్రేట్ డిక్టేటర్‌లోని మంగలి కుర్చీ, అన్నీ ఉన్నాయి, ఎక్కి కూర్చోవచ్చు, ఎవరూ అరవరు. అసలు సందడంతా గోల్డ్ రష్ గుడిసె దగ్గర. 1925 నాటి ఆ సినిమాలో గుడిసె కొండ అంచున వేలాడుతుంది గుర్తుందా? అలాంటిదే కట్టి, నేలని ఏటవాలు చేశారు. లోపలికి అడుగుపెడితే కాళ్లు మన మాట వినవు. నాన్న ఒక గోడ పట్టుకుని రెండో గోడకి జారారు. ఎదురుగా ఏడెనిమిదేళ్ల కుర్రాడొకడు, ఏ దేశంవాడో, అతను జారి ఈయన మీద పడ్డాడు. ఈయన లేని టోపీ ఎత్తి నమస్కారం పెట్టారు, వాడూ ఎత్తాడు. ఇక మొదలు, ఒకరు జారితే ఇంకొకరు పట్టుకోవడం. అమ్మ బయట నుంచి 'మోకాలి ఆపరేషన్ గుర్తుందా' అంటోంది, అయినా ఆపలేక తనూ నవ్వుతోంది. ఈ ప్రయాణం పొడుగునా, మందుల షాపు నుంచి రైల్వే అనౌన్స్‌మెంట్ దాకా నాన్నకి ప్రతిదీ నేనే తెలుగు చేసి చెప్పాను. ఇక్కడ నన్ను ఒక్క మాట అడగలేదు. ఆడియో గైడ్లూ అవీ పిల్లలకి తీసుకోండి, మూకీ సినిమాలు చూసి పెరిగిన పెద్దలకి అక్కర్లేదు.

బంగళా నెమ్మదిగా చూసే చోటు. మైనపు బొమ్మలు, పుస్తకాల గది, చాప్లిన్ భార్య ఊనా తీసిన ఇంటి వీడియోలు. అమ్మ మొదటిసారి ఆసక్తిగా ఆగింది వాటి దగ్గరే. నాటక రచయిత యూజీన్ ఓనీల్ కూతురు ఊనా, 1943లో పద్దెనిమిదేళ్ల వయసులో యాభై నాలుగేళ్ల చాప్లిన్‌ని పెళ్లి చేసుకుంది, తండ్రి కోపగించాడు. ఎనిమిది మంది పిల్లలు. 'ఆయనకేం, కుర్చీలో కూర్చుని కథలు రాసుకున్నాడు. ఇంత కొంపని ఈవిడే కదా నడిపింది' అని అమ్మ తీర్పిచ్చి, పూలతోట వైపు నడిచింది. నాన్న మాత్రం గాంధీ బొమ్మ ఎక్కడా కనబడలేదేమిట్రా అని వెతుకుతున్నారు. 1931 సెప్టెంబరులో లండన్‌లో ఇద్దరూ కలిశారు, యంత్రాల గురించి మాట్లాడుకున్నారు. యంత్రాల మధ్య నలిగే మనిషి కథ మోడరన్ టైమ్స్ వచ్చింది 1936లో. ఆ భేటీ వల్లే ఆ సినిమా పుట్టిందని నాన్న వాదం. అంత సూటిగా చెప్పలేమని నేనంటే, నువ్వెప్పుడూ అంతేనన్నారు.

అక్కడి రెస్టారెంటు గురించి ఒక్క మాట. సూప్ బాగుంది, ఖరీదు బాగాలేదు. ఊళ్లో ఒక చాక్లెట్ దుకాణంలో చాప్లిన్ బూట్ల ఆకారంలో చాక్లెట్లు అమ్ముతారు, డబ్బులు వాటికి దాచుకోండి. గోల్డ్ రష్‌లో ఆయన ఉడకబెట్టి తిన్న బూటు లికరిస్ అనే నల్ల మిఠాయితో చేసిందట, ఇది దానికంటే రుచిగానే ఉంటుందని నా నమ్మకం.

సమాధి కోర్సియే శ్మశానంలోనే ఉంది, బంగళా నుంచి నడక. 1977 క్రిస్మస్ రోజున ఈ ఇంట్లోనే పోయాడు. 1978 మార్చిలో ఇద్దరు మెకానిక్‌లు శవపేటికని తవ్వి ఎత్తుకుపోయి, డబ్బివ్వమని ఊనాని బెదిరించారు. ఆవిడ ఇవ్వనంది. మే నెలలో దగ్గర్లోని ఒక పొలంలో దొరికింది. మళ్లీ పూడ్చినప్పుడు పైన కాంక్రీటు పోశారు. ఇది విని మా ఆవిడ 'అప్పుడూ ఇక్కడ డిపాజిట్ ఎగ్గొట్టేవాళ్లున్నారన్నమాట' అంది. నాలుగు రోజుల్లో అందరం కలిసి నవ్వింది ఆ మాటకే.

సరస్సు ఒడ్డున చాప్లిన్ కంచు విగ్రహం దగ్గర ఫోటోకి పొద్దున్నే వెళ్లండి, పదింటికి బస్సుల జనం దిగుతారు. పక్కనే నీళ్లలో గుచ్చిన పెద్ద ఫోర్క్ ఉంటుంది, అది తిండి మ్యూజియం వాళ్లది, దాని ముందు కూడా క్యూనే. గిలామోన్ వైపు రెండు పెద్ద అపార్ట్‌మెంట్ గోడల నిండా చాప్లిన్ బొమ్మలు వేశారు, ఓపికుంటే చూడండి, దారి ఎక్కుడు. మ్యూజియానికి మాత్రం అరపూట చాలదు, కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. ఏప్రిల్ 16 ఆయన పుట్టినరోజు. 2017లో ఆ తేదీకి దగ్గర్లో ఇక్కడ 662 మంది చాప్లిన్ వేషంలో చేరి గిన్నిస్ రికార్డు పెట్టారు. నాన్నకి ఈ సంగతి చెప్పగానే వచ్చే ఏప్రిల్‌కి టికెట్లు ఎంతని అడిగారు. బస హోటల్లోనేనని మా ఆవిడ అప్పుడే షరతు పెట్టేసింది.