యాక్టివాకి పికప్ కావాలంటే: రోలర్లా, బోర్ కిట్టా, 125 బండా?

"డబుల్స్‌లో ఘాట్ ఎక్కట్లేదు, ఫ్లైఓవర్ మీద లాగట్లేదు. యాక్టివాకి పికప్ పెంచాలంటే ఏం చేయించాలి?" ఈ ప్రశ్న నన్ను అడుగుతూనే ఉన్నారు. అడిగేసరికే కొందరు బోర్ కిట్‌కి (ఇంజిన్ సీసీ పెంచే పెద్ద పిస్టన్, సిలిండర్‌కి) బేరం కుదుర్చుకుని ఉంటారు. ఇంకొందరు సైలెన్సర్ మారిస్తే చాలనుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న ఫోర్‌స్ట్రోక్ స్కూటర్‌లో మొదట చెయ్యి పెట్టాల్సింది ఇంజిన్ మీద కాదు, ఎడమవైపు కవర్ కింద ఉన్న బెల్టు, రోలర్ల మీద.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. 2020లో వచ్చిన యాక్టివా 6జీ ఇంజిన్ 109.51 సీసీ. గరిష్ఠ పవర్ 7.79 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), అదీ 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 8.79 ఎన్ఎమ్, 5,250 దగ్గర. ఆ 5,250 దగ్గర పవర్ ఎంతో లెక్కగడితే సుమారు 6.6 పీఎస్ వస్తుంది. అంటే ఇంజిన్ ఆ స్పీడులోనే తిరుగుతున్నంతసేపూ 1.2 పీఎస్ దాకా వాడకుండా వదిలేస్తున్నాం. గేర్ల బండి అయితే ఎత్తు రాగానే ఒక గేరు తగ్గించి ఆ పవర్ లాగేస్తాం. స్కూటర్‌లో ఆ పని మన చేతిలో లేదు, రోలర్లే చేయాలి.

వేరియేటర్‌లో, అంటే గేర్ల పని చేసే ముందు పుల్లీలో ఉన్న ఆరు రోలర్లు ఇంజిన్ స్పీడుతో పాటు బయటికి జరుగుతూ పుల్లీని నెడతాయి, బెల్టు పైకి ఎక్కుతుంది. బరువైన రోలర్ తొందరగా జరుగుతుంది కాబట్టి ఇంజిన్ ఊపందుకోకముందే పెద్ద గేరు పడ్డట్టు అవుతుంది. మైలేజ్‌కి అది మంచిదే, ఎత్తు ఎక్కడానికి కాదు. తేలికైన రోలర్ వేస్తే ఇంజిన్ ఇంకాస్త పైకి లేచాకే రేషియో మారుతుంది. నెట్టే బలం స్పీడు వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కాబట్టి, రోలర్ బరువు పది శాతం తగ్గిస్తే ఆర్‌పీఎం ఐదు శాతం వరకు పెరుగుతుంది. 5,500 దగ్గర లాగే ఇంజిన్ 5,800 దగ్గర లాగుతుంది. వినడానికి చిన్న తేడానే. వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని సింహాచలం ఘాట్ ఎక్కితే మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. నా 6జీకి నేను చేయించింది కూడా ఇదే, ఒక్కో రోలర్‌కి గ్రాము తగ్గించాను.

అయితే కొత్త రోలర్లు కొనేముందు పాతవి విప్పి చూడండి. ఇరవై, పాతిక వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో రోలర్లు ఒక పక్క అరిగి చదునుగా అయిపోయి ఉంటాయి. అప్పుడవి దొర్లవు, ఇరుక్కుంటాయి. బెల్టు వెడల్పు తగ్గితే ముందు పుల్లీలో పూర్తిగా పైకి రాదు, టాప్ స్పీడ్ పడిపోతుంది. క్లచ్ షూస్ గట్టిపడితే బయల్దేరేటప్పుడు జారుతూ వణుకు వస్తుంది. ఎంతోమంది పికప్ పెంచమని అడుగుతున్న బండ్లకి నిజంగా కావాల్సింది పోయిన పికప్ వెనక్కి రావడమే. కంపెనీ బరువు రోలర్లే కొత్తవి వేసి, బెల్టు మార్చి, టాపెట్ (వాల్వుల దగ్గర సందు) సరిచేయించి, టైర్లలో గాలి సరిగ్గా పెట్టించండి. ఆ తర్వాత కూడా చాలకపోతేనే బరువు తగ్గించండి, అదీ గ్రాము చొప్పున. మరీ తేలిక చేస్తే ఇంజిన్ అరుస్తుందే గాని బండి కదలదు. పని జరిగేటప్పుడు బెల్టుకి ఆయిల్ గాని గ్రీజు గాని అంటకుండా చూసుకోండి. కాంట్రా స్ప్రింగ్ (వెనక పుల్లీని నొక్కి పట్టే స్ప్రింగ్) కూడా గట్టిది వేయమంటారు. రోజూ తిరిగే బండికి అవసరం లేదు, బెల్టు మీద భారం పెరుగుతుంది.

దీనికీ నష్టం ఉంది. మైలేజ్ కొంత తగ్గుతుంది. టాప్ స్పీడ్ పెరగదు. హైవే మీద ఖాళీ రోడ్డులో తొంభై దాటాలనేది మీ కోరికైతే రోలర్లతో అది తీరదు.

ఇక బోర్ కిట్. 2020కి ముందున్న 110 సీసీ యాక్టివా బోర్ (సిలిండర్ వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 55.6 మి.మీ. దానికి 54 మి.మీ. పిస్టన్ వేస్తే 127 సీసీ అవుతుంది, కాగితం మీద పదిహేడు శాతం లాభం. 6జీలో బోర్ 47, స్ట్రోక్ 63.1, కాబట్టి పాత బండి కిట్ దీనికి పనికిరాదు. అసలు కష్టం వేడితో. ఇది ఫ్యాన్ గాలితో చల్లబడే ఇంజిన్. మే నెల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే ఏ మార్పూ చేయని కంపెనీ ఇంజినే మండిపోతుంది. బోర్ పెంచితే సిలిండర్ గోడ పలచబడుతుంది, వేడి పెరుగుతుంది, క్రాంక్ బేరింగుల మీద భారం పడుతుంది. పాత బండికి కార్బురేటర్ జెట్ మార్చి సర్దుకోవచ్చు. 6జీలో పెట్రోలు ఎంత పోయాలో ఈసీయూ (బండిలోని చిన్న కంప్యూటర్) చెబుతుంది, లోపల పిస్టన్ మారిందని దానికి తెలియదు. పైగా ఆర్‌సీలో ఉన్న సీసీ వేరు, బండిలో ఉన్న సీసీ వేరు అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీన్ని ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఇలాంటి ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ టెన్షన్ సరేసరి. ట్రాక్ కోసం విడిగా బండి ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. ఆఫీసుకి, బడికి తిరిగే బండికి నేను చేయించను, ఎవరికీ చెప్పను.

సైలెన్సర్ మారిస్తే శబ్దం పెరుగుతుంది, పికప్ పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది, అంతే. ఫిల్టర్ తీసేస్తే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. యాక్టివా పేపర్ ఫిల్టర్‌కి నూనె పట్టించి ఉంటుంది, దానికి గాలి కొట్టించకూడదు, టైముకి మార్చేయాలి. ఇరిడియం ప్లగ్ ఎక్కువ కాలం వస్తుంది, పికప్ కోసం కొనక్కర్లేదు.

చివరిది, 125 బండి కొనడం. 2020 బీఎస్6 సుజుకీ యాక్సెస్ 5,500 ఆర్‌పీఎం దగ్గర 10 ఎన్ఎమ్ ఇస్తుంది. అంటే అక్కడే సుమారు 7.8 పీఎస్. 6జీ 8,000 దాకా తిరిగితే గాని ఇవ్వలేనిది యాక్సెస్ మామూలుగా తిరుగుతూనే ఇస్తుంది. బండి బరువు కూడా 103 కిలోలే. రోజూ ఇద్దరు ఎక్కే బండి అయితే, బోర్ కిట్‌కి పెట్టే డబ్బు 125కి మారడానికి పెట్టుకోవడం మేలు. కొనేముందు టెస్ట్ రైడ్ షోరూమ్ చుట్టూ ఒక రౌండుతో సరిపెట్టకండి. వెనక మనిషిని ఎక్కించుకుని, మీరు రోజూ తంటాలు పడే ఎత్తు మీదికే తీసుకెళ్లండి. అదే ఎత్తు మీద, కొత్త బెల్టు, రోలర్లు వేసిన మీ పాత బండి మీకు సరిపోతుంటే 125 ఇప్పుడే అక్కర్లేదు.